గుండె దడ కంటే దాని భయమే పెద్దదైనప్పుడు ఏం చేయాలి

విశ్రాంతిగా ఉన్న మనిషి గుండె నిమిషానికి 60 నుంచి 100 సార్లు, రోజుకు దాదాపు లక్షసార్లు కొట్టుకుంటుంది. వాటిలో మన ఎరుకకు వచ్చేవి చాలా తక్కువ. అయితే పడుకోబోయే ముందో, ఏ పనీ లేకుండా కూర్చున్నప్పుడో ఛాతీలో ఏదో పల్టీ కొట్టినట్లు, గుండె ఒక క్షణం ఆగి మరుక్షణం గట్టిగా తన్నినట్లు అనిపిస్తే, ఆ ఒక్క స్పందనే మిగిలిన లక్షనూ మరిపిస్తుంది. కొందరు దాన్ని కాసేపటికి మరిచిపోతారు. మరికొందరికి అది అక్కడితో ఆగదు. చేయి దానంతటదే మణికట్టు మీదికి పోతుంది, మెట్లు ఎక్కడం తగ్గిపోతుంది, ఎడమ పక్కకు తిరిగి పడుకోవాలంటే జంకు పుడుతుంది, ఎక్కడికైనా ఒంటరిగా వెళ్లవలసి వస్తే దారిలో ఆసుపత్రి ఎక్కడుందో ముందే చూసుకోవలసి వస్తుంది. ఈ వ్యాసం ఆ రెండో కోవకు చెందినవారి కోసం.

ఇందులో చెప్పదలచిన పద్ధతికి రెండు భాగాలున్నాయి. గుండెను ఒకసారి సక్రమంగా పరీక్ష చేయించుకోవాలి. ప్రమాదం లేదని తేలిన తరువాత పరీక్షించుకోవడం మానాలి. ఆందోళనలో ఉన్నవారు చాలావరకు ఈ రెండింటినీ తలకిందులు చేస్తారు. ఏం బయటపడుతుందోనని వైద్యుని దగ్గరికి వెళ్లకుండా నెలలు గడుపుతారు, ఇంట్లో మాత్రం గంటకోసారి నాడి పట్టుకుని చూసుకుంటారు.

ఆలస్యం చేయకూడని సందర్భాలు

దడతో పాటు స్పృహ తప్పినా, తప్పబోతున్నట్లు కళ్లు చీకట్లు కమ్మినా, ఛాతీలో నొప్పి లేదా బరువు మొదలై భుజానికో చేతికో దవడకో పాకినా, కదలకుండా కూర్చున్నా ఊపిరి అందకపోయినా వెంటనే అత్యవసర వైద్య సహాయం తీసుకోవాలి. మూతి ఒక పక్కకు వంకర పోవడం, మాట తడబడటం, ఒక చేయి లేదా కాలు పట్టు తప్పడం కూడా ఇదే కోవలోకి వస్తాయి. ఏ శ్రమా లేకుండానే గుండె నిమిషానికి 120 కంటే ఎక్కువసార్లు కొట్టుకుంటూ అరగంట గడిచినా తగ్గకపోతే అదే రోజు వైద్యునికి చూపించుకోవాలి.

అంత తొందర లేకపోయినా తప్పనిసరిగా చెప్పవలసినవి మరికొన్ని ఉన్నాయి. వ్యాయామం చేస్తూండగా, అంటే శ్రమ మధ్యలో, దడ రావడం. ఇంతకుముందే గుండె జబ్బు ఉండటం. తల్లిదండ్రుల్లోనో తోబుట్టువుల్లోనో ఎవరైనా చిన్న వయసులో హఠాత్తుగా మరణించి ఉండటం. నాడి నిమిషాల తరబడి ఏ వరుసా లేకుండా కొట్టుకోవడం వంటివి వైద్యుని అంచనాను మార్చివేస్తాయి.

ఇలాంటి లక్షణాల జాబితా చదవడమే ఆందోళన ఉన్నవారికి ఒక పరీక్ష. చదువుతూండగానే వాటిలో రెండు మూడు తమకు ఉన్నట్లు అనిపించడం మామూలే. అందువల్ల పై రెండు పేరాలను ఒకసారి శ్రద్ధగా చదివి, అవసరమైతే ఒక కాగితం మీద రాసి లోపల పెట్టుకుని, మళ్లీ మళ్లీ తిరగవేయకుండా ఉండటం మంచిది.

ఛాతీలో నిజంగా జరిగేది

గుండె కుడి కర్ణిక (పై గది) పైభాగంలో ఉండే సైనస్ నోడ్ అనే చిన్న కణజాలం నుంచి ప్రతి స్పందనకూ విద్యుత్ సంకేతం బయలుదేరుతుంది. అది ముందు కర్ణికలను, తరువాత జఠరికలను (కింది గదులను) సంకోచింపజేస్తుంది. అప్పుడప్పుడు గుండెలోని మరో చోటి కణాలు సైనస్ నోడ్ వంతు రాకముందే తొందరపడి సంకేతాన్ని పంపుతాయి. దానివల్ల వచ్చే ముందస్తు స్పందనను వైద్యులు ఎక్టోపిక్ బీట్ అనీ, వాడుకలో ఎక్స్‌ట్రా బీట్ అనీ అంటారు. అప్పటికి జఠరికలు రక్తంతో పూర్తిగా నిండి ఉండవు కాబట్టి ఆ స్పందన బలహీనంగా ఉంటుంది, కొన్నిసార్లు మణికట్టు దగ్గర నాడికి అసలు అందదు. దాని వెనుకనే మామూలు కంటే పొడవైన విరామం వస్తుంది. ఆ విరామంలో జఠరికల్లోకి ఎక్కువ రక్తం చేరుతుంది, తరువాతి స్పందన దాన్నంతా ఒక్క ఊపున బయటికి నెట్టుతుంది.

ఈ వరుసను అర్థం చేసుకోవడం వల్ల కలిగే మేలు ఇంతా అంతా కాదు. గుండె ఆగిపోయిందనిపించిన క్షణం ఆ విరామమే. ఛాతీలో తన్నినట్లు తెలిసినది ఎక్స్‌ట్రా బీట్ కూడా కాదు, దాని తరువాత వచ్చిన సక్రమమైన స్పందన. అంటే మనిషికి భయం పుట్టే సమయానికే గుండె తన లయలోకి తిరిగి వచ్చేసి ఉంటుంది. గుండె నిర్మాణం బాగున్నవారిలో ఇవి అరుదుగానో అప్పుడప్పుడో రావడం ప్రమాదకరం కాదు. ఆరోగ్యవంతుల గుండె లయను 24 గంటలపాటు రికార్డు చేసి చూస్తే, వాళ్లలో చాలామందికి ఒకటో రెండో అయినా కనిపిస్తాయి. తేడా అంతా అవి తెలియడంలోనూ తెలియకపోవడంలోనూ ఉంది.

రెండో రకం దడలో లయ తప్పదు, వేగం మాత్రమే పెరుగుతుంది. భయం, జ్వరం, రక్తహీనత, నిర్జలీకరణం, నిద్రలేమి, థైరాయిడ్ హార్మోను ఎక్కువ కావడం, గర్భం, రుతుక్రమం ఆగిపోయే వయసు ఇందుకు కారణాలు కావచ్చు. ఈ వేగం మెల్లగా పెరిగి మెల్లగా తగ్గుతుంది. దీనికి భిన్నంగా, స్విచ్ వేసినట్లు ఒక్క క్షణంలో మొదలై, నిమిషానికి 150 నుంచి 220 దాకా పోయి, అంతే అకస్మాత్తుగా ఆగిపోయే దడను ఎస్‌వీటీ (సుప్రావెంట్రిక్యులర్ టాకీకార్డియా) అంటారు. యువతలో, ముఖ్యంగా యువతుల్లో, దీన్ని ప్యానిక్ అటాక్‌గా, అంటే హఠాత్తుగా ముంచెత్తే తీవ్ర భయంగా, పొరబడటం జరుగుతూ ఉంటుంది. అందుకే దడ ఎంత వేగంగా వచ్చిందన్న దానికంటే ఎలా మొదలై ఎలా ముగిసిందన్నదే వైద్యునికి ఎక్కువ ఉపయోగపడే సమాచారం. ఇక కర్ణికలు లయ తప్పి అదిరే ఏట్రియల్ ఫిబ్రిలేషన్ అనే జబ్బులో నాడికి ఏ క్రమమూ ఉండదు. వయసు పెరిగేకొద్దీ ఇది ఎక్కువగా కనిపిస్తుంది, పక్షవాతం ముప్పును పెంచుతుంది కాబట్టి చికిత్స అవసరం. చికిత్స ఉంది కూడా.

భయం దడను పెంచే తీరు

గుండెకూ ఆందోళనకూ ఉన్న ఈ ముడి కొత్తగా గుర్తించినది కాదు. అమెరికా అంతర్యుద్ధంలో పాల్గొన్న సైనికుల్లో దడ, ఛాతీ నొప్పి, ఆయాసం ఉండి కూడా గుండెలో చెప్పుకోదగ్గ జబ్బు కనబడని వారిని పరిశీలించి జాకబ్ మెండెస్ డా కోస్టా అనే వైద్యుడు 1871లోనే ఒక వ్యాసం ప్రచురించాడు. ఈ చక్రం మనసులో ఎలా తిరుగుతుందో స్పష్టంగా వివరించినది మాత్రం మనస్తత్వవేత్త డేవిడ్ క్లార్క్. 1986లో ఆయన ప్రతిపాదించిన వివరణ ప్రకారం, శరీరంలో కలిగిన మామూలు మార్పును మనసు రాబోయే విపత్తుగా చదువుకోవడమే ప్యానిక్‌కు మూలం.

ఆ చక్రం ఇలా సాగుతుంది. ఒక ఎక్స్‌ట్రా బీట్ తెలుస్తుంది. గుండెపోటేమోనన్న ఆలోచన మెరుస్తుంది. అడ్రినలిన్ విడుదలై గుండె వేగాన్నీ బలాన్నీ పెంచుతుంది. గుండె కండరం మరింత సున్నితమై ఎక్స్‌ట్రా బీట్లు ఇంకొన్ని రావచ్చు. ఊపిరి వేగం పెరిగి రక్తంలో కార్బన్ డయాక్సైడ్ తగ్గుతుంది, దానితో వేళ్లు, పెదవుల చుట్టూ తిమ్మిరి పుడుతుంది, తల తేలిపోతుంది, ఛాతీ బిగుసుకుంటుంది. ఈ కొత్త లక్షణాలన్నీ మొదటి అనుమానానికి సాక్ష్యాలుగా కనిపిస్తాయి. బయటి నుంచి చూసేవారికి ఇది అనవసరమైన గాభరాగా తోచినా, లోపల ఉన్నవారికి ప్రతి మెట్టూ తర్కబద్ధంగానే ఉంటుంది. కాబట్టి ఆందోళన వల్ల వచ్చిన దడ కల్పితం కాదు. అడ్రినలిన్ నిజం, వేగం నిజం, తిమ్మిరి నిజం. తప్పుగా ఉన్నది దానికి చెప్పుకున్న అర్థం ఒక్కటే.

గుండె మీద నిఘా పెట్టేవారికి అది మరింత స్పష్టంగా వినిపిస్తుందన్నది ఈ చక్రంలో గుర్తించవలసిన మరో అంశం. రాత్రి పూట చుట్టూ నిశ్శబ్దంగా ఉండటం, మనసుకు మరో పని లేకపోవడం, ఎడమ పక్కకు పడుకున్నప్పుడు గుండె ఛాతీ గోడకు దగ్గరగా జరగడం, ఈ మూడూ కలిసి పగలంతా తెలియని స్పందనలను చెవికి చేరుస్తాయి. కుడి పక్కకు తిరిగి పడుకోవడం సులువైన ఉపాయం. అయితే ఎడమ పక్కకు పడుకోవడం హానికరం కాదని కూడా తెలిసి ఉండాలి, లేకపోతే ఉపాయమే ఒక కొత్త భయంగా మారుతుంది.

వైద్యుని దగ్గరికి సిద్ధపడి వెళ్లడం

ఈసీజీ యంత్రం సాధారణంగా పది సెకన్ల లయను మాత్రమే కాగితం మీదికి ఎక్కిస్తుంది. ఆ పది సెకన్లలో దడ రాకపోవచ్చు. ఈ మాట తెలిసినవారు ఈసీజీ బాగుందన్నా నమ్మరు. నిజానికి దడ లేనప్పుడు తీసిన ఈసీజీ కూడా ఎంతో చెబుతుంది. గుండెలో పుట్టుకతో వచ్చిన అదనపు విద్యుత్ మార్గాలు, లయను ప్రమాదంలో పడేసే కొన్ని వారసత్వ లోపాలు, పాత గుండెపోటు గుర్తులు, కండరం మందం కావడం వంటివాటిలో చాలావరకు విశ్రాంతిగా ఉన్నప్పటి ఈసీజీలోనే ఆనవాళ్లు చూపుతాయి. దడ ఉన్న సమయంలోని లయను పట్టుకోవడానికి ఒంటికి తగిలించుకుని తిరిగే హోల్టర్ పరికరాన్ని 24 లేదా 48 గంటలపాటు వాడతారు. దడ వారానికో నెలకో ఒకసారి వచ్చేవారికి అది చాలదు, ఎక్కువ రోజులు ఉంచుకునే రికార్డర్‌ను అడగాలి. గుండె నిర్మాణాన్ని ఎకో పరీక్ష (గుండెకు చేసే అల్ట్రాసౌండ్) చూపిస్తుంది. హిమోగ్లోబిన్, థైరాయిడ్, పొటాషియం పరీక్షలకు రక్తం ఇవ్వడంతో మామూలు కారణాలు చాలావరకు తేలిపోతాయి.

వెళ్లే ముందు రెండు వారాలపాటు ఒక చిన్న నమోదు ఉంచుకోవడం మేలు. దడ వచ్చిన సమయం, అప్పుడు చేస్తున్న పని, ఎంతసేపు ఉందో, హఠాత్తుగా మొదలైందా మెల్లగానా, హఠాత్తుగా ఆగిందా మెల్లగానా, ముందురోజు నిద్ర, కాఫీ, టీ, మద్యం, పొగ, వాడుతున్న మందులు రాస్తే చాలు. రెండు వారాల తరువాత దాన్ని ఆపివేయాలి, ఎందుకంటే గడువు లేని నమోదు పుస్తకం కూడా నిఘాలో భాగమే అవుతుంది. దడ ఎలా ఉందో మాటల్లో చెప్పలేకపోతే బల్ల మీద వేలితో కొట్టి చూపించవచ్చు. సమంగా వేగంగా కొట్టుకున్నదానికీ, అప్పుడప్పుడు ఒకటి తప్పిపోయినదానికీ, ఏ వరుసా లేనిదానికీ ఉన్న తేడా అలా చూపితే వైద్యునికి ఇట్టే తెలుస్తుంది.

నాడిని సరిగా చూడటం కూడా ఒకసారి నేర్చుకోవాలి. బొటనవేలిలో దాని సొంత నాడి కొట్టుకుంటుంది కాబట్టి దాన్ని వాడకూడదు. చూపుడు, మధ్య వేళ్లను మణికట్టు వద్ద బొటనవేలి వైపు ఆనించి, లయ సమంగా ఉంటే 30 సెకన్లు లెక్కించి రెట్టింపు చేయాలి, లయ తప్పుతూ ఉంటే పూర్తిగా ఒక నిమిషం లెక్కించాలి.

పరీక్షలు పూర్తయ్యాక వైద్యుని మూడు ప్రశ్నలు అడిగి, జవాబులను అక్కడే రాసుకోవాలి. నాకు వస్తున్న దడకు పేరేమిటి? నేను ఎంతవరకు వ్యాయామం చేయవచ్చు? ఏం జరిగితే మళ్లీ రావాలి? చాలామంది మొదటి ప్రశ్నకు జవాబు రాగానే ఊరట చెంది బయటికి వచ్చేస్తారు, వారం తిరిగేసరికి మిగిలిన రెండూ వేధించడం మొదలుపెడతాయి. హోల్టర్ నివేదికలో 500 ఎక్స్‌ట్రా బీట్లు అని చూసి బెదిరిపోయేవారు ఆ రోజు మొత్తం స్పందనలు దాదాపు లక్ష అన్న సంగతి గుర్తుంచుకుంటే అది అర శాతమేనని తెలుస్తుంది. సాధారణంగా మొత్తంలో పది శాతం దాటినప్పుడు గుండె కండరం మీద ప్రభావం ఉందేమోనని వైద్యులు ప్రత్యేకంగా గమనిస్తారు.

దడ వచ్చిన ఆ పది నిమిషాలు

ప్యానిక్ ఉధృతి సాధారణంగా పది నిమిషాల లోపే శిఖరానికి చేరి దిగడం మొదలవుతుంది. ఆ పది నిమిషాల్లో చేయవలసిన పని దడను ఆపడం అనుకుంటే ఓటమి తప్పదు, ఎందుకంటే గుండె ఆజ్ఞలకు లొంగదు, లొంగలేదన్న గుర్తింపు భయాన్ని ఇంకా పెంచుతుంది. అడ్రినలిన్‌ను కొత్తగా జోడించకుండా ఉండటం మాత్రం మన చేతిలో ఉంది.

తల తేలుతున్నట్లు ఉంటే ముందు కూర్చోవాలి. వాహనం నడుపుతూ ఉంటే పక్కన ఆపాలి. తరువాత ఊపిరిని సవరించాలి. ముక్కుతో నాలుగు లెక్కపెట్టేంతసేపు పొట్ట ఉబ్బేలా గాలి పీల్చి, ఆరు లెక్కపెట్టేంతసేపు నెమ్మదిగా వదలాలి. ఇలా చేస్తే నిమిషానికి ఆరు ఊపిరులవుతాయి. గాలి పీల్చేటప్పుడు గుండె వేగం కొద్దిగా పెరగడం, వదిలేటప్పుడు తగ్గడం సహజం. వదిలే సమయాన్ని పొడిగిస్తే గుండెను నెమ్మదింపజేసే వేగస్ నరానికి ఎక్కువ అవకాశం దొరుకుతుంది. లోతుగా ఊపిరి తీయమని ఎవరైనా సలహా ఇస్తే జాగ్రత్త పడాలి. లోతుగానూ వేగంగానూ పీల్చడమే తిమ్మిరికీ తలతిప్పుకూ కారణం కాబట్టి, నెమ్మదిగా తక్కువ గాలి పీల్చడమే సరైన పద్ధతి. కాగితం సంచిలోకి ఊపిరి వదిలి పీల్చే పాత చిట్కా వాడకూడదు. సమస్య నిజంగా గుండెలోనో ఊపిరితిత్తుల్లోనో ఉంటే అది ప్రాణవాయువును తగ్గించి హాని చేస్తుంది.

ఊపిరి కుదురుకుంటూండగా మనసుకు ఒక వాక్యం ఇవ్వాలి. "ఏమీ కాదు" అన్న మాట ఆందోళనలో ఉన్న మనసు నమ్మదు. "ఇది ఎక్స్‌ట్రా బీట్, వైద్యుడు చూశాడు, ఇంతకుముందు వచ్చి పోయింది, ఇప్పుడూ పోతుంది" అన్న వాక్యంలో నాలుగు వాస్తవాలున్నాయి. దాన్ని నెమ్మదిగా ఉన్నప్పుడే రాసుకుని ఫోనులో ఉంచుకోవాలి. ఆ తరువాత చేస్తున్న పనికే తిరిగి వెళ్లాలి. గిన్నెలు కడుగుతూ ఉంటే కడగాలి, ఎవరితోనైనా మాట్లాడుతూ ఉంటే మాట కొనసాగించాలి. దడ పూర్తిగా తగ్గాకే పని అనుకుంటే, తగ్గిందా లేదా అని చూసుకోవడమే పనిగా మారుతుంది.

ఎస్‌వీటీ ఉన్నట్లు నిర్ధారణ అయినవారి విషయం వేరు. వారికి వైద్యులు వాల్సాల్వా అనే ప్రక్రియను, అంటే ముక్కుతూ బలంగా గాలి ఊదినట్లు ఛాతీలో ఒత్తిడి పెంచడాన్ని, నేర్పుతారు. అలా ఊదిన వెంటనే వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు పైకెత్తి ఉంచే సవరించిన పద్ధతి పాతదానికంటే మెరుగని 2015లో వెలువడిన రివర్ట్ అధ్యయనం తేల్చింది. పాత పద్ధతితో 17 శాతం మందికి లయ కుదుటపడితే, సవరించిన పద్ధతితో 43 శాతం మందికి కుదుటపడింది. దీన్ని వైద్యుని ముందు ఒకసారి చేసి నేర్చుకోవాలి. మెడ పక్కన రక్తనాళాన్ని ఒత్తే పద్ధతిని సొంతంగా ఎవరూ ప్రయత్నించకూడదు. గుండెపోటు వస్తే గట్టిగా దగ్గుతూ ఉండాలంటూ ఫోన్లలో తిరిగే సందేశాన్ని పట్టించుకోనవసరం లేదు, దానివల్ల సహాయం కోసం పిలవవలసిన సమయం వృథా అవుతుంది.

నాడి చూసుకునే అలవాటును వదిలించుకోవడం

నా దృష్టిలో ఈ మొత్తం వ్యవహారంలో అన్నిటికంటే కష్టమైనదీ, అన్నిటికంటే ఫలితం ఇచ్చేదీ ఇదే. నాడి చూసుకోగానే, అది సమంగా ఉంటే ఊరట కలుగుతుంది. ఆ ఊరట పది నిమిషాలకు మించి నిలవదు, కానీ ఊరట దొరికిందన్న జ్ఞాపకం నిలుస్తుంది. అందుకే తరువాతి అనుమానానికి చేయి మరింత తొందరగా మణికట్టు మీదికి పోతుంది. దురద వచ్చిన చోట గోకినప్పుడు జరిగేదే ఇక్కడా జరుగుతుంది. "నా ముఖం ఎలా ఉంది?" అని ఇంట్లోవారిని పదేపదే అడగడం, లక్షణాలను ఇంటర్నెట్‌లో వెతకడం, ఒకే ఈసీజీని ముగ్గురు వైద్యులకు చూపించడం కూడా ఇదే అలవాటుకు వేర్వేరు రూపాలు.

ఒక్కసారిగా మానేయాలన్న ప్రతిజ్ఞ సాధారణంగా మర్నాటికే వీగిపోతుంది. ఆలస్యం చేయడం అంతకంటే నమ్మదగిన మార్గం. చూసుకోవాలనిపించినప్పుడు గడియారం చూసి పది నిమిషాలు వాయిదా వేయాలి. పది నిమిషాలు గడిచాక కూడా కోరిక అంతే బలంగా ఉంటే చూసుకోవచ్చు. చాలాసార్లు అప్పటికి దాని పట్టు సడలి ఉంటుంది. కొద్ది రోజుల తరువాత వాయిదాను ఇరవైకి, అరగంటకు పెంచాలి. చివరికి పగటి పూట ఒకసారి, తరువాత వారానికోసారి, అదీ వైద్యుడు చెప్పి ఉంటేనే, అన్న స్థితికి రావాలి.

స్మార్ట్‌వాచ్ గురించి కొంచెం ఎక్కువగా చెప్పుకోవాలి. చర్మం గుండా కాంతిని పంపి రక్తప్రవాహంలోని మార్పుల నుంచి అది వేగాన్ని లెక్కిస్తుంది. పట్టీ వదులుగా ఉన్నా, చేయి కదిలినా, ఎక్స్‌ట్రా బీట్ బలహీనంగా ఉన్నా లెక్క తప్పుతుంది. కొన్ని వాచీలు ఒకే లీడ్ ఉన్న, అంటే గుండెను ఒక్క కోణం నుంచే చూసే, ఈసీజీని తీస్తాయి. ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ను పట్టుకోవడానికి, దడ వచ్చిన సమయంలోని లయను వైద్యునికి చూపడానికి అది నిజంగా పనికొస్తుంది. గుండెపోటును మాత్రం అది గుర్తించలేదు. తేల్చలేకపోయినట్లు అది చూపిన ఫలితం జబ్బు ఉన్నట్లు కాదు. కాబట్టి రోగ నిర్ధారణ జరిగేంతవరకు వాచీ ఉపయోగకరమైన పరికరం. నిర్ధారణ అయిపోయాక, ఆందోళన ఉన్నవారికి, అది మణికట్టు మీద కూర్చున్న అనుమానం. హెచ్చరికలు ఆపివేసి కొన్ని వారాలు సొరుగులో పెట్టడానికి వెనుకాడనవసరం లేదు. అయితే వైద్యుడే దాన్ని ధరించమని చెప్పి ఉంటే ఈ సలహా వర్తించదు.

మానుకున్న పనుల్లోకి తిరిగి వెళ్లడం

దడ వస్తుందేమోనన్న భయంతో మెట్లు, నడక, వ్యాయామం, దాంపత్య జీవితం, ఒంటరి ప్రయాణం ఒక్కొక్కటిగా మానుకుంటూ పోతే రెండు నష్టాలు జరుగుతాయి. శరీరం పటుత్వం కోల్పోయి చిన్న శ్రమకే గుండె వేగంగా కొట్టుకోవడం మొదలవుతుంది. అంతేకాక, ఆ పనులు నిజంగానే ప్రమాదకరమన్న నమ్మకం మనసులో స్థిరపడుతుంది, ఎందుకంటే దాన్ని తప్పని నిరూపించే అవకాశమే రాదు.

వైద్యుడు వ్యాయామానికి అనుమతి ఇచ్చిన తరువాత, గుండె వేగాన్ని కావాలనే పెంచి దానితో కాసేపు ఉండటం ఒక చికిత్సా పద్ధతి. నిలబడిన చోటనే ఒక నిమిషం పరుగెత్తడం, మెట్లు రెండుసార్లు ఎక్కి దిగడం వంటి పనులు ముందు తోడుగా ఎవరైనా ఉన్నప్పుడు, తరువాత ఒంటరిగా చేయాలి. మొదలుపెట్టే ముందు ఏం జరుగుతుందని భయపడుతున్నారో ఒక వాక్యంలో రాయాలి, ముగిశాక ఏం జరిగిందో దాని పక్కన రాయాలి. పని పూర్తయిన వెంటనే నాడి చూసుకోవడం, నీళ్ల సీసానో మాత్రనో చేతిలో పట్టుకుని ఉండటం వంటి రక్షణ చర్యలు లేకుండా చేస్తేనే దీనికి ఫలం ఉంటుంది. మెట్లు ఎక్కి పైకి వచ్చాక గుండె గట్టిగా కొట్టుకుంటూ ఉంటే, అలా కొట్టుకోనిస్తూ నిలబడాలి. 30 ఏళ్ల వ్యక్తి వేగంగా పరుగెత్తితే గుండె నిమిషానికి 170, 180 దాకా పోవడం మామూలే. ఆరోగ్యంగా ఉన్న గుండెకు ఇది అలవాటైన పని.

నిరపాయమైన ఎక్స్‌ట్రా బీట్లు శ్రమ చేస్తున్నప్పుడు తగ్గి, శ్రమ ఆపిన తరువాతి కొన్ని నిమిషాల్లో మళ్లీ కనిపించడం తరచుగా జరుగుతుంది. వ్యాయామం ఆపగానే వచ్చాయని బెదిరి మర్నాడు మానేయకూడదు. శ్రమ పెరిగేకొద్దీ అవి కూడా పెరుగుతూ ఉంటే మాత్రం వైద్యునికి చెప్పి పరీక్ష చేయించుకోవాలి.

అలవాట్లు, మందులు

కాఫీని అందరూ మొదటి దోషిగా నిలబెడతారు. నిజానికి దాని ప్రభావం మనిషి మనిషికీ మారుతుంది. రెండు వారాలు క్రమంగా తగ్గించి పూర్తిగా ఆపి చూడాలి. ఒక్కసారిగా ఆపితే తలనొప్పి వస్తుంది. తేడా ఏమీ కనిపించకపోతే మితంగా తిరిగి తాగవచ్చు, లేని దోషాన్ని దానికి అంటగట్టి జీవితాంతం దూరం పెట్టనవసరం లేదు. ఎనర్జీ డ్రింకులు, పొగాకు, మద్యం విషయంలో ఇంత ఉదారంగా చెప్పడం కుదరదు. మద్యం తాగిన రాత్రి నిద్రలో గుండె వేగం పెరుగుతుంది, అతిగా తాగినప్పుడు ఏట్రియల్ ఫిబ్రిలేషన్ రావచ్చు. ముక్కు దిబ్బడకు వాడే సూడోఎఫిడ్రిన్, ఉబ్బసానికి పీల్చే సాల్బుటమాల్, మోతాదు మించిన థైరాయిడ్ మాత్రలు కూడా దడను కలిగిస్తాయి. వాటిని సొంతంగా ఆపకుండా, వాడుతున్నట్లు వైద్యునికి చెప్పాలి. పొటాషియం మాత్రలను రక్తపరీక్ష లేకుండా ఎవరి సలహా మీదా వేసుకోకూడదు. అది తక్కువైనా ఎక్కువైనా లయను చెడగొడుతుంది.

ప్రొప్రనొలాల్ వంటి బీటా బ్లాకర్లు దడను తగ్గిస్తాయి. అయితే ఉబ్బసం ఉన్నవారికి అవి పడకపోవచ్చు, రోజూ వాడుతున్నవారు అకస్మాత్తుగా ఆపకూడదు. ఆందోళనకు ఇచ్చే ఎస్‌ఎస్‌ఆర్‌ఐ మందులు పనిచేయడానికి కొన్ని వారాలు పడుతుంది, మొదట్లో కంగారు కాస్త పెరిగినట్లు కూడా అనిపించవచ్చు. ఈ సంగతి ముందే తెలియనివారు మూడో రోజుకే మానేస్తారు. వెంటనే నిమ్మళం ఇచ్చే మత్తు మాత్రలు అలవాటుగా మారే స్వభావం ఉన్నవి కాబట్టి, రోజువారీ పరిష్కారంగా వాటిని ఎంచుకోకపోవడమే మంచిది.

పైన చెప్పిన పద్ధతులను రెండు మూడు నెలలు ప్రయత్నించినా భయం పనినీ నిద్రనూ దెబ్బతీస్తూ ఉంటే, మానసిక నిపుణుని వద్ద కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ (ఆలోచనలనూ అలవాట్లనూ మార్చుకునే మాటల చికిత్స) తీసుకోవాలి. దడను కావాలనే రప్పించి దాని భయాన్ని తగ్గించే అభ్యాసాలు అందులో భాగం. అలా వెళ్లడం వల్ల గుండె వైద్యుని మాట తప్పయిపోదు. ఇద్దరూ ఒకే మనిషికి వేర్వేరు భాగాల్లో సహాయం చేస్తున్నారు. ఇంట్లోవారు కూడా తమ వంతు చేయవచ్చు. అడిగిన ప్రతిసారీ నాడి పట్టి చూసి "బాగానే ఉంది" అనడం ప్రేమతో చేసే పనే అయినా చక్రాన్ని తిప్పుతూనే ఉంటుంది. "ఇది వైద్యుడు చెప్పిన దడేనా?" అని ఒకసారి అడిగి, అవునంటే కలిసి నడకకు వెళ్లడం అంతకంటే మేలు.

మళ్లీ ఎప్పుడు వైద్యుని దగ్గరికి వెళ్లాలన్నది ముందే నిర్ణయించుకుని ఉంటే రోజూ తర్కించుకునే పని తప్పుతుంది. స్పృహ తప్పడం, ఛాతీ నొప్పి, శ్రమలో దడ, ఆయాసం, నాడికి ఏ వరుసా లేకపోవడం వంటివి కొత్తగా వచ్చినా, ఇంతకుముందెన్నడూ లేని రకం దడ మొదలైనా వెళ్లాలి. పాత దడే పాత పద్ధతిలో మళ్లీ వచ్చి, దానితో పాటు ఇవేవీ లేకపోతే, తదుపరి పరీక్ష వైద్యుడు చెప్పిన తేదీకే.